కాపీ ఎవరిదో తేల్చి రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో జపాన్ కార్టూన్ల (యానిమేల) మీద వ్యాసం వచ్చింది. ఆ రోజే జవాబు రాద్దామనుకున్నాను. రికార్డింగుల హడావుడిలో కుదరక ఇవాళ కూర్చున్నాను, కోపం మాత్రం ఏమీ తగ్గలేదు. బెల్టు తిప్పి, చేతులు ఊపి, ఒక్క కేకతో ముసుగు వీరులైపోయే యానిమేలన్నీ 'అమెరికా పవర్ రేంజర్స్‌కి కాపీలు' అని మీ వ్యాసకర్త తేల్చేశారు. లక్షల మంది చదివే పత్రికలో అచ్చయ్యే ముందు ఆ వాక్యాన్ని ఎవరూ సరిచూడలేదా?

పవర్ రేంజర్స్ అనే పిల్లల సీరియల్ అమెరికా టీవీలో మొదలైంది 1993 ఆగస్టు 28న. అందులో ముసుగులు వేసుకుని చేసే ఫైట్లలో చాలావరకు అమెరికాలో తీసినవే కావు. 1992లో జపాన్‌లో తోయే సంస్థ తీసిన 'జూరేంజర్' సీరియల్ ఫుటేజీ తెచ్చుకుని, ముసుగు లేని సన్నివేశాలు అక్కడి కుర్రాళ్లతో తీసి అతికించారు. నమ్మకం కుదరకపోతే డ్రెస్సులు చూడండి. గులాబీ రేంజర్‌కి పొట్టి స్కర్టు ఉంటుంది, పసుపు రేంజర్‌కి ఉండదు. అమెరికా కథలో ఇద్దరూ అమ్మాయిలే. జపాన్ కథలో పసుపు డ్రెస్ వేసుకున్నది అబ్బాయి, అందుకని లేదు. మన పిల్లలు బడి నుంచి పరుగెత్తుకొచ్చి తెలుగులో చూసిన 'పవర్ రేంజర్స్ ఎస్.పి.డి.' కూడా 2004 నాటి జపాన్ 'డెకారేంజర్' నుంచి వచ్చిందే. ఆ కుక్క ముఖం కమాండర్ కూడా అక్కడివాడే.

అసలు కథ ఇంకా వెనక్కి వెళ్తుంది. 1971 ఏప్రిల్ 3న జపాన్ టీవీలో 'కామెన్ రైడర్' సీరియల్ మొదలైంది. కామెన్ అంటే ముసుగు. బొమ్మల కథల రచయిత షోతారో ఇషినోమోరి సృష్టి. మిడత ముఖం, మెడలో ఎర్ర మఫ్లరు, కింద మోటారు సైకిలు. మొదట్లో ఆ వీరుడు బండి మీద దూసుకుపోతుంటే బెల్టులోని చక్రానికి గాలి తగిలి రూపం మారేది. షూటింగ్ మొదలైన కొత్తలోనే హీరో హిరోషి ఫుజియోకా బండి మీద నుంచి పడ్డారు, కాలు విరిగింది. సీరియల్ ఆపడానికి లేదు. 14వ ఎపిసోడ్ నుంచి రెండో రైడర్‌ని దించారు. ఆ రెండో రైడర్ చేతులు ఒక పక్కకి చాచి, తిప్పి, 'హెన్‌షిన్' (అంటే రూపం మారడం) అని కేక వేసి మారాడు. జపాన్ పిల్లలు వీధి వీధినా అదే పోజు పెట్టారు. ఇవాళ యానిమేలో పోజు పెట్టి, కేక వేసి రూపం మార్చే వీరులు ఎందరు కనిపించినా నాకు గుర్తొచ్చేది ఆ విరిగిన కాలే.

గీసిన బొమ్మల యానిమేలకీ, మనుషులు నటించే ఈ సీరియళ్లకీ ఇచ్చిపుచ్చుకోవడాలు అప్పటినుంచీ ఉన్నాయి. పక్షి ముక్కు హెల్మెట్లతో అయిదుగురు జట్టుగా పోరాడే 'గచ్చామన్' 1972లో వచ్చిన యానిమే. రంగురంగుల అయిదుగురితో మనుషులు నటించిన 'గోరేంజర్' 1975లో వచ్చింది. అంటే ముసుగులేసుకున్న అయిదుగురి జట్టు ముందు బొమ్మల్లోనే కనిపించింది. 1973లో 'క్యూటీ హనీ', 1992లో 'సెయిలర్ మూన్', 2004లో 'ప్రిటీ క్యూర్' వచ్చి అమ్మాయిలకీ రూపం మార్చే హక్కు తెచ్చాయి. మారే సన్నివేశాన్ని ఒక్కసారి శ్రద్ధగా గీసి పెట్టుకుంటే ప్రతి వారం వాడుకోవచ్చు. వారానికో ఎపిసోడ్ ఇవ్వాల్సిన చిత్రకారులకి ఆ అర నిమిషం ఎంత ఊరటో ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మన ఇళ్లలో షిన్‌చాన్ చూడని పిల్లలు అరుదు. వాడు ప్రాణం పెట్టే యాక్షన్ కామెన్‌ని కూడా ఇలాంటి ముసుగు వీరుల పోలికతోనే అల్లారు. ఈ ఒక్క సంగతి రాసినా మీ వ్యాసం ప్రతి తెలుగు ఇంటికీ దగ్గరయ్యేది.

2018లో వచ్చిన 'గ్రిడ్‌మన్' యానిమేని వ్యాసకర్త 'గ్రాఫిక్స్ మొరటుగా ఉన్నాయి' అని కొట్టిపారేశారు. అది 1993లో మనుషులు నటించిన సీరియల్‌కి వారసురాలు. అందులో వీరుడి భుజాలు బరువుగా కదులుతాయి, రబ్బరు తొడుగు లోపల నిజంగా మనిషి ఉన్నట్టే. కెమెరా వీధి మట్టంలో పెట్టి పైకి చూస్తున్నట్టు భవనాలు నిలబడతాయి. బొమ్మ గాలిలో ఎలాగైనా తేలిపోగలదు. అయినా ఆ బరువుని కావాలని గీశారు, తాము చిన్నప్పుడు చూసిన డ్రెస్ లోపలి మనిషి మీద గౌరవంతో. దాన్ని మొరటు అనడం నాకు చాలా బాధ కలిగించింది. 2025 అక్టోబరులో వచ్చిన మరో యానిమేలో నలభై ఏళ్లొచ్చినా కామెన్ రైడర్ కావాలనే కోరిక చావని మనిషే కథానాయకుడు. దాని ఊసే వ్యాసంలో లేదు.

ఇంత పట్టింపు నాకెందుకంటే, నేను 11 ఏళ్లుగా హైదరాబాద్‌లో పిల్లల కార్యక్రమాలకు డబ్బింగ్ చెబుతున్నాను. జపాన్ ముసుగు సీరియళ్లలో డ్రెస్ లోపల దూకేది ఒకరు, గొంతు ఇంకొకరిది. ముఖం చూపించే నటుడు తర్వాత వచ్చి, డ్రెస్ లోపలి మనిషి కదలికలు చూస్తూ మాట కలుపుతాడు. అది అచ్చంగా మా పనే. 2001 నుంచి 2019 దాకా వచ్చిన కామెన్ రైడర్ సిరీస్‌లలో దాదాపు అన్నిటిలోనూ ప్రధాన రైడర్ డ్రెస్ లోపల ఉన్నది సేజీ తకాయివా అనే ఒక్క మనిషి. ముఖం తెర మీద కనపడకపోయినా అక్కడి ప్రేక్షకులకు ఆయన పేరు తెలుసు, సీరియల్ పేర్లలో వేస్తారు కాబట్టి.

ఇక్కడ మా సంగతి వినండి. ఒక యానిమేలో అమ్మాయి వేసే ఆ 'హెన్‌షిన్' అనే కేకకి తెలుగు మాట కోసం మేం ఒక పూటంతా కూర్చున్నాం. బుగ్గన పటికబెల్లం, పక్కన వేణ్ణీళ్ల ఫ్లాస్కు. 'రూపాంతరం' అంటే తెర మీద పిల్ల నోరు మూశాక కూడా నా మాట నడుస్తోంది. 'మారిపో' అంటే ఎదుటివాళ్లకి చెప్పినట్టుంది. 'రూపం' సరిపోతుందనుకుంటే చివర నా పెదాలు మూసుకుంటున్నాయి, ఆ పిల్లవి తెరిచే ఉన్నాయి. ఆఖరికి కేకని జపాన్ మాటగానే ఉంచి, ముందు వాక్యంలో 'నా రూపం మారే వేళైంది' అని కలిపాం. అంత పడ్డ ఆ సిరీస్ ప్రసారమైనప్పుడు చివరి పేర్లు మొత్తం కోసేసి, తర్వాతి కార్యక్రమం ప్రకటన వేశారు. తెలుగు గొంతులవే కాదు, గీసినవాళ్ల పేర్లు కూడా పోయాయి. ఫోన్ చేసి అడిగితే 'టైము లేదమ్మా, అయినా పిల్లలు పేర్లు చదువుతారా' అన్నారు. నేను చిన్నప్పుడు చదివేదాన్ని.

పిల్లల కోసం చేసే పనంటే మన పెద్దలకు ఎప్పుడూ ఈ చిన్నచూపే. హైదరాబాద్‌లో రెండేళ్లకోసారి నవంబరులో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం జరిగేది. 2017లో 20వది. మా అబ్బాయిని తీసుకెళ్లాను, ఆ తర్వాత తీసుకెళ్లే అవకాశమే రాలేదు. ఆ ఉత్సవం జరిపే బాలల చలనచిత్ర సమితిని 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో) కలిపేశారు. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు విడిగా బహుమతి ఉండేది. 2017లో మూడేళ్లవి ఒకేసారి ప్రకటించి చేతులు దులుపుకున్నారు. 2025 సెప్టెంబరు 12న ఒక జపాన్ యానిమే సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లలో విడుదలైంది. ఇది చిన్నపిల్లల వ్యవహారమని ఇంకా ఎవరైనా అంటే నాకు ఓపిక లేదు. బాలల దినోత్సవం నాడు వేదికలెక్కి మాట్లాడే అధికారులు ఆ పిల్లలు సాయంత్రం ఏం చూస్తున్నారో, అది ఎవరు చేసిపెడుతున్నారో ఒక్కసారైనా కనుక్కున్నారా?

మీ అనుబంధంలో, అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో సవరణ వేయండి. ఇషినోమోరి పేరు, తకాయివా పేరు అందులో ఉండాలి. ఈ వ్యాసాలకు సమాచారం కావాలంటే మా స్టూడియోలో ఎవరిని అడిగినా ఆనందంగా చెబుతాం.

ఉత్తరం కింద నా పేరు మాత్రం ప్రచురించవద్దని మనవి. పేర్లు కోసేసిన ఆ చానల్‌కే వచ్చే నెల మళ్లీ రికార్డింగ్ ఉంది.

– ఒక డబ్బింగ్ కళాకారిణి, యూసుఫ్‌గూడ, హైదరాబాద్