గోదావరి తీయగానే బడికొచ్చి చెయ్యేసిన వారికి

వరద తీసిన వెంటనే పారలు, తట్టలు పట్టుకుని మా లంకలోని ప్రాథమిక పాఠశాలకు వచ్చిన ఊరివారందరికీ ఉపాధ్యాయులు, యాజమాన్య కమిటీ తరఫున కృతజ్ఞతలు. ఎవరు ఏ పని ఎలా చేశారో కాస్త వివరంగానే రాస్తున్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 13.75 అడుగులు చేరి రెండో హెచ్చరిక పడితే సామాను అటకెక్కించుకునే లంక బళ్లకు పనికొస్తుంది.

ముందుగా ఆయిల్ ఇంజన్ తెచ్చిన కొబ్బరి రైతులకు దండాలు. ఒండ్రును తడిమీదే కదపాలి. గట్టి ఎండ తగిలి బిగిస్తే పారతో చెక్కాల్సిందే, దాంతోపాటు గచ్చూ లేస్తుంది. వీళ్లు లోపలి మూల నుంచి గుమ్మం వైపు బురదను పలకతో నెడుతూ, వెనకే గొట్టంతో నీళ్లు కొట్టారు. గోడలు పైనుంచి కిందికి కడిగారు. బల్లలను ఎండలో వేస్తే చెక్క వంకర తిరుగుతుందని చెట్టు నీడన ఆరబెట్టారు.

మెయిన్ ఆపి, తడిసిన స్విచ్‌బోర్డులన్నీ విప్పి, అవి పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వనివ్వని ఎలక్ట్రీషియన్‌ గారికీ కృతజ్ఞతలు. ఎవరెంత తొందరపెట్టినా ఆయన వినలేదు. చిన్నపిల్లలు తిరిగేచోట ఆ మాత్రం మొండితనం ఉండాలి.

ఎక్కువ శ్రమ నూతి దగ్గరే. వరలు (గుండ్రటి సిమెంటు ఒరలు) దించి కట్టిన నుయ్యిని ఒక్కసారిగా అడుగంటా తోడితే చుట్టూ నానిన నేల ఒత్తిడికి వరలు జరుగుతాయి, అందుకని ఇంజన్ ఆపి ఆపి తోడించారు. నీరు తేరుకున్నాక ఏఎన్‌ఎం గారు, ఆశా కార్యకర్త కొలతలు తీశారు. మీటర్లలో వ్యాసాన్ని వ్యాసంతో, మళ్లీ నీటి లోతుతో గుణించి, 785తో హెచ్చవేస్తే లీటర్లు తేలతాయి. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల నీరు ఉంటే దాదాపు 9,400 లీటర్లు. 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడర్ 24 గ్రాములు చాలు. గుప్పెళ్లతో చల్లడం వల్ల ఉపయోగం లేదు. బకెట్లో ముందు ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే నూతిలో వేయాలి. సున్నం పడితే నీటి కాఠిన్యం పెరుగుతుంది. చేద బకెట్‌తో పైకీ కిందికీ కలిపి గంట ఆగి, క్లోరోస్కోప్‌తో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే పరికరం) చూడాలి. పసుపు రంగు రాకపోతే నీటిలోని మురికే క్లోరిన్‌ను తినేసిందన్నమాట, లేదా పౌడర్ పాత సంచిదై సత్తువ పోయి ఉంటుంది. అప్పుడు మళ్లీ వేయాలి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ నిలిచాకే వీరు పిల్లల్ని తాగనిచ్చారు.

డొక్కా సీతమ్మ గారి పేరున నడిచే మధ్యాహ్న భోజనం ఆగకుండా చూసిన వంట అమ్మలకు నమస్కారాలు. అడుగు తడిసిన బియ్యం బస్తాలను, పైన పొడిగానే ఉన్నాయి కదా అని ఉంచకుండా, పక్కన పెట్టించారు. తలకు 100 గ్రాముల లెక్కన పక్క ఊరి బడివారు బియ్యం సర్దారు. గ్యాస్ బర్నర్ల కన్నాల్లో ఒండ్రు ఇరుక్కుంటే మంట పసుపుగా వచ్చి గిన్నెలు మసిబారతాయి. ఆ కన్నాలన్నీ పిన్నుతో ఓపిగ్గా తీసింది కూడా వీళ్లే.

మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకు వెంటనే తోడించవద్దని చెప్పిన తాపీమేస్త్రి గారి మాట విన్నాం. భూమిలో నీరు పైకి ఉన్నప్పుడు ఖాళీ ట్యాంకు లేచిపోయే ప్రమాదం ఉంది.

నోటు పుస్తకాలు, బిస్కెట్లు పంపినవారికీ ధన్యవాదాలు. ఇకముందు పంపదలచినవారు వాటి బదులు గమ్‌బూట్లు, చీపుళ్లు, ఫినాయిల్ ఇస్తే ఎక్కువ అక్కరకొస్తాయి.

రెండు పారలు, ఒక ఇనుప తట్ట, నీలం రంగు గొట్టం ముక్క వంటగదిలోనే ఉండిపోయాయి. ఎవరివో గుర్తుపట్టి తీసుకెళ్లగలరు.