గోంగూర కోలుకున్నాడు: మా చేతులు పట్టుకుని ఆపిన వారందరికీ కృతజ్ఞతలు

గోంగూర కోలుకున్నాడు. నిన్న రాత్రి తొట్టి అద్దం మీదికి తనంతట తానే ఎగబాకాడు. వాడెలా ఉన్నాడని ఇన్నాళ్ళుగా అడుగుతున్న వారికి విడివిడిగా జవాబు రాయడం నా వల్ల కాలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

తెలియని వారి కోసం చెబుతున్నాను. గోంగూర మా అమ్మాయి పెంచుకుంటున్న కప్ప. రంగు చూసి ఆ పేరు తనే పెట్టింది. మేముండేది టెక్సస్‌లోని ప్లేనోలో. ఇక్కడి పెంపుడు జంతువుల దుకాణాల్లో వైట్స్ ట్రీ ఫ్రాగ్ అనే ఆస్ట్రేలియా చెట్టుకప్పలు దొరుకుతాయి. అరచేతిలో పట్టేంత ఉంటాయి, పదిహేనేళ్ళకు పైగా బతుకుతాయి. ముఖం చూస్తే పప్పన్నం తిని పడక్కుర్చీలో వాలిన పెదనాన్న గుర్తొస్తాడు. ఈ జాతిని 1790లో లోకానికి పరిచయం చేసిన జాన్ వైట్, ఖైదీల ఓడలతో సిడ్నీకి వెళ్ళిన శస్త్రవైద్యుడు. వైద్యుడి పేరు పెట్టుకున్న కప్పకు వైద్యుడు దొరకడం ఇంత కష్టమవుతుందని ఎవరనుకుంటారు!

తొట్టిలో పెట్టిన కొమ్మ ఒక రాత్రి జారి వాడి వెనక కాలి మీద పడింది. మోకాలి కింద చర్మం చిరిగి ఎర్రటి కండ కనిపిస్తోంది. కాలు ఈడుస్తున్నాడు. చూసిన వెంటనే మా ఇంట్లో అందరూ వైద్యులైపోయారు. అత్తయ్య పసుపు డబ్బా తెచ్చారు. మావారు నొప్పి తగ్గించే ఆయింట్‌మెంట్ కోసం అలమార వెతుకుతున్నారు. అమ్మాయి కుళాయి నీళ్ళతో కడుగుదామంటోంది. ఈలోగా నేను ఎదురింటావిడకు ఫోన్ చేశాను. ఏళ్ళ తరబడి కప్పలనూ బల్లులనూ పెంచిన మనిషి. ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "ఎవరూ ఏమీ పూయకండి, నేను వస్తున్నాను."

నా మొదటి కృతజ్ఞత ఆ మాటకే. కప్ప చర్మం మన చర్మం లాంటిది కాదు. నీళ్ళు నోటితో తాగదు, పొట్ట కింది చర్మంతోనే పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా చర్మం గుండానే. కాబట్టి పైన ఏది పూసినా అది లోపలికి మింగించినట్టే. మావారి చేతిలోని గొట్టం మీద బెంజోకెయిన్ అని రాసి ఉంది. మన పుండుకు హాయినిచ్చే ఆ మందు కప్పకు ప్రాణాంతకం. ఇక బతికించలేమనుకున్న కప్పలను బాధ లేకుండా సాగనంపడానికి పశువైద్యులు వాడే మందుల్లో అదొకటని ఆవిడ చెప్పినప్పుడు ఆయన ఆ గొట్టాన్ని బల్ల మీద పెట్టిన తీరు చూడాల్సింది.

కుళాయి నీళ్ళ సంగతీ అంతే. మా ప్రాంతపు నీళ్ళలో ఏడాదిలో చాలా భాగం, క్రిములు చావడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది. ఉట్టి క్లోరిన్ అయితే నీళ్ళు పట్టి మూత తీసి ఉంచితే మర్నాటికి పోతుంది. క్లోరమైన్ అలా పోదు. చేపల తొట్లలో వాడే విరుగుడు చుక్కలు కలపాలి. ఆవిడ అలా సిద్ధం చేసిన నీళ్ళు ఒక సీసాతో తెచ్చారు. పౌడరు లేని చేతితొడుగులు ఆ నీళ్ళలో తడిపి, వాడిని ఒక్కసారే ఎత్తి, తడి కాగితపు తువ్వాళ్ళు పరిచిన చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టారు. మూతకు చిల్లులు, పక్కన లోతు లేని నీళ్ళ పళ్ళెం. అంతే.

ఫోన్ చేసిన పశువుల ఆసుపత్రుల్లో చాలావరకు కుక్కలు, పిల్లుల దగ్గరే ఆగిపోయాయి. ఆ రాత్రి దారి చూపింది గుంటూరులో ఉన్న మా తమ్ముడు. అక్కడ పొద్దున కాబట్టి కాఫీ తాగుతూ ఫోన్ ఎత్తాడు. మనుషుల డాక్టరే. "అక్కా, ఇంటర్ బైపీసీలో కప్పను కోయడం నేర్పారు గానీ కుట్టడం నేర్పలేదు" అన్నాడు. నవ్వించి ఊరుకోలేదు. సరీసృపాలు, ఉభయచరాల పశువైద్యులకు ఒక సంఘం ఉందనీ, ఏ ఊళ్ళో ఏ డాక్టరున్నారో వారి జాబితాలో వెతకవచ్చనీ కనిపెట్టి, మాకు దగ్గరలో ఉన్నవారి వివరాలు పంపాడు. మీలో ఎవరింట్లో ఇలాంటి ప్రాణి ఉన్నా, దెబ్బ తగలకముందే ఆ జాబితా చూసి పెట్టుకోండి.

ఆ డాక్టరు గారికి నేనెంత చెప్పినా తక్కువే. పెట్టెలోంచి తీయకుండానే ఎక్స్‌రే తీశారు. మోకాలి కింద మనకు రెండు ఎముకలుంటాయి, కప్పకు ఆ రెండూ కలిసిపోయి ఒకటే ఎముక. అందులో సన్నని చీలిక ఉంది. ఆపరేషన్ అక్కర్లేదు, కదలకుండా ఉంటే అతుక్కుంటుంది, అయితే చల్లటి రక్తపు ప్రాణి కాబట్టి మెల్లగా అతుక్కుంటుందన్నారు. గాయం మీద పలచగా రాయడానికి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్, వీపు మీద వేయడానికి యాంటీబయోటిక్ చుక్కలు ఇచ్చారు. మిగతా సలహాలన్నీ వద్దన్నవే. కొమ్మలు పెట్టవద్దు. ఊరికే తీసి చూడవద్దు. తినకపోతే నోరు తెరిచి పెట్టవద్దు, పెద్ద కప్ప కొన్నాళ్ళు పస్తుండగలదు. మేతగా ఇచ్చే కీచురాళ్ళను పెట్టెలో వదలవద్దు, కప్ప కదలలేదని తెలిస్తే అవే దాన్ని కొరుకుతాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ అందించాలి. కప్ప ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు కాబట్టి ఆ తర్వాత మాత్రం సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కోవాలి.

మా ఆఫీసులో ఒకాయన, ఇలాంటి ప్రాణులకు మేతగా వేసే డూబియా బొద్దింకలు డబ్బాడు తెచ్చి ఇచ్చారు. బొద్దింకలు బహుమతిగా తెచ్చిన మనిషికి ధన్యవాదాలు చెప్పడం నా జీవితంలో ఇదే మొదటిసారి. మనస్ఫూర్తిగానే చెబుతున్నాను.

ఇక అత్తయ్య. పసుపు వద్దన్నందుకు ఒక పూట ముభావంగా ఉన్నారు, అంతే. మర్నాటి నుంచి తువ్వాళ్ళు మార్చే పని తనే తీసుకున్నారు. చిన్నప్పుడు ప్రకాశం జిల్లాలో వానలు పడని ఏడు, రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోయించిన పిల్లల్లో ఆవిడా ఒకరు. "కప్పతల్లి బాకీ ఇన్నేళ్ళకు తీరుస్తున్నాను" అంటూ రోజూ పెట్టె దగ్గర కూర్చునేవారు. మందు వేళ ఒక్కటి కూడా తప్పలేదంటే ఆవిడ వల్లనే.

ఈ జాతి మగ కప్పలకు మోత వింటే బదులు పలికే అలవాటుంది. గోంగూరకు మా ఇంటి గ్రైండరంటే మహా పోటీ. దెబ్బ తగిలాక అది ఎంత తిరిగినా వాడు కిక్కురుమనలేదు. పోయిన ఆదివారం దోసెల పిండి రుబ్బుతుంటే లోపలి గదిలోంచి ఒక్కసారిగా బెకబెకలు మొదలయ్యాయి. అత్తయ్య పిండి చేతులతోనే పరుగెత్తారు. ఆ తర్వాతే డాక్టరు గారు వాడిని పెద్ద తొట్టిలోకి మార్చమన్నారు. దెబ్బ తగిలిన కాలు కాస్త బిగుసుకుని ఉంటుంది, గెంతితే కొంచెం పక్కకు పడతాడు. అది అలాగే ఉండిపోవచ్చట. అద్దం ఎక్కడానికి మాత్రం అడ్డు రావడం లేదు.

చిన్న పెట్టె, చేతితొడుగులు, నీటి విరుగుడు చుక్కలు మా దగ్గర మిగిలాయి. ప్లేనో చుట్టుపక్కల ఎవరికైనా అవసరమైతే అడగండి, ఏ వేళైనా తెచ్చి ఇస్తాం. బొద్దింకలు మాత్రం మిగల్లేదు.