ఆదివారం మీటింగ్: డబ్బు పెట్టి ఆడే యాప్‌ల గురించి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాల్లో కలుద్దాం. కాలేజీ పిల్లల్ని కూడా తీసుకురండి, అసలు వినాల్సింది వాళ్లే.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధించింది. ‘రమ్మీ నైపుణ్యం ఆటే కదా’ అన్నా ఈ చట్టం ముందు కుదరదు. నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు 2 ఏళ్ల వరకు జైలు. ఈ చట్టంలో ఆడినవాళ్లకు శిక్ష లేదు. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఇరుక్కుంటే భయపడి దాచకండి.

వచ్చేలోపు ఒక పని చేయండి. ఇంట్లో ఫోన్లలో లింకు నొక్కి దించుకున్న యాప్‌లు ఉన్నాయేమో చూడండి. యూపీఐ హిస్టరీ కూడా. అర్ధరాత్రి వంద, రెండొందలు చొప్పున తెలియని పేర్లకు వెళ్లుంటే అడగండి, అరవకండి. పోయింది రాబట్టాలని లోన్ యాప్‌ల జోలికి వెళ్తేనే కొంప మునిగేది.

డబ్బు మోసమైతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. టెన్షన్, నిద్రలేమి ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం.

బెట్టింగ్ టిప్స్ లింకులు గ్రూపులో పెట్టొద్దు, సరదాకైనా సరే.

ఎంతమంది వస్తున్నారో శుక్రవారంలోగా చెప్పండి, కుర్చీలు తెప్పించాలి.