చిన్న బైనాక్యులర్ల మీది అంకెలకు తనిఖీ ఉండాలి

సంపాదకుల వారికి,

చలికాలం మొదలవగానే నేలపట్టు, పులికాట్, ఉప్పలపాడు, ఆటపాక వంటి చోట్లకు పక్షులను చూడడానికి కుటుంబాలతో, బడి పిల్లలతో జనం తరలివస్తారు. వారిలో చాలామంది వెంట ఉండేది జేబులో పట్టే చిన్న బైనాక్యులర్. ఇప్పుడు చవకగా దొరుకుతున్న ఈ కొత్త పరికరాల్లో అనేకం మీద అచ్చువేసిన అంకెలు పచ్చి అబద్ధాలు. సంబంధిత శాఖలు వెంటనే ఈ విషయాన్ని పట్టించుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

బైనాక్యులర్ మీద 8×20 అని ఉంటే అది దృశ్యాన్ని ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతుందని, దాని ముందు కటకం వ్యాసం 20 మిల్లీమీటర్లని అర్థం. సంతల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మే చవక రకాల మీద మాత్రం 30×60 అని కనిపిస్తుంది. 60 మిల్లీమీటర్ల కటకాలు రెండింటిని పక్కపక్కన పెడితే గాజుకే 12 సెంటీమీటర్ల వెడల్పు కావాలి కనుక, అరచేతిలో ఇమిడిపోయే పరికరంలో అవి పట్టే అవకాశమే లేదు. స్కేలు పెట్టి కొలిస్తే అసలు వ్యాసం రెండు, రెండున్నర సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. ముప్ఫై రెట్లన్న మాటా నిజం కాదు. నిజంగా అంత పెద్దదిగా చూపే పరికరాన్ని చేత్తో పట్టుకుంటే చేతి వణుకు కూడా అంతే పెద్దదై పక్షి నిలకడగా కనిపించదు, దానికి స్టాండు తప్పనిసరి. బైనాక్యులర్‌ను చేయి చాచి ఆకాశం వైపు పట్టుకున్నప్పుడు (సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పకూడదు) కంటి దగ్గరి కటకంలో ఒక చిన్న వెలుగు వృత్తం కనిపిస్తుంది. ముందు కటకం వ్యాసాన్ని ఆ వృత్తం వ్యాసంతో భాగిస్తే అసలు ఎన్ని రెట్లో సుమారుగా తెలిసిపోతుంది. పదో తరగతి విద్యార్థి చేయగల ఈ పరీక్షను ఏ అధికారీ చేయకపోవడం బాధాకరం.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. జపాన్ నుంచి విదేశాలకు వెళ్లే బైనాక్యులర్లకు తనిఖీ తప్పనిసరిగా ఉన్న దశాబ్దాల్లో, ఆ తనిఖీలో నెగ్గిన సరుకుకు బంగారు రంగులో అండాకారపు చీటీ అంటించేవారు. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన పాత జపాన్ బైనాక్యులర్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి, వాటిలో కొన్నింటి మీద ఆ చీటీ నేటికీ చెరిగిపోలేదు. వాటి మీద ఏడు రెట్లని ఉంటే ఏడు రెట్లే. ఆ నమ్మకం ఊరికే రాలేదు, అబద్ధం రాసిన సరుకు ఓడ ఎక్కకుండా ఆపే వ్యవస్థ ఒకటి ఉండబట్టి వచ్చింది.

పాతవన్నీ మంచివి, కొత్తవన్నీ చెడ్డవి అని నేను చెప్పడం లేదు. శ్రద్ధగా తయారైన కొత్త బైనాక్యులర్ ముందు పాతది చాలా విషయాల్లో నిలబడదు. పూత లేని గాజు తలం ఒక్కొక్కటి దాదాపు 4 శాతం వెలుతురును వెనక్కి తిప్పేస్తుంది. అలాంటి తలాలు పది ఉంటే వెలుతురులో మూడో వంతు కంటికి చేరకుండానే పోతుంది. ఈ నష్టాన్ని తగ్గించే పూతను 1935లో జర్మనీలోని జైస్ సంస్థ కనుగొన్నాక, ఒకదాని మీద ఒకటిగా అనేక పొరలు పూసే పద్ధతి వచ్చి, ఒక్కో తలం దగ్గర నష్టం అర శాతానికి లోపే ఉండేలా చేసింది. నిటారు గొట్టాలతో సన్నగా ఉండే రూఫ్ ప్రిజం రకాల్లో (ప్రిజం అంటే లోపల వెలుతురును మళ్లించే గాజు దిమ్మ) దృశ్యం మసకబారే లోపాన్ని సరిదిద్దే ప్రత్యేక పూతను కూడా ఆ సంస్థే 1988లో తెచ్చింది. లోపల నత్రజని నింపి మూసిన కొత్త పరికరాల్లోకి తేమ చేరదు కాబట్టి, మన కోస్తా ఉక్కపోతలో పాతవాటి కటకాలను పాడుచేసే బూజు వీటికి పట్టడం అరుదు. కళ్లద్దాలు తీయకుండా చూడగలగడం మరో మేలు.

అయితే ఈ మేళ్లన్నీ పూతలు నిజంగా వేసిన పరికరాలకే దక్కుతాయి. చిన్న రూఫ్ ప్రిజం రకాల్లో సాధారణంగా ఒక తలానికి అద్దంలాంటి పూత కావాలి, దృశ్యపు స్పష్టతకు మరో పూత కావాలి. చవక తయారీలో ఇవి నాసిరకంగా ఉంటాయి లేదా అసలే ఉండవు. ముందు కటకాలు దగ్గరదగ్గరగా ఉండే పాత పోరో ప్రిజం చిన్న బైనాక్యులర్‌లో వెలుతురు సంపూర్ణాంతర పరావర్తనంతోనే, అంటే గాజు లోపలి తలానికి తగిలి పూర్తిగా వెనక్కి తిరగడంతోనే, మళ్లుతుంది కాబట్టి ఆ రెండు పూతల అవసరమే లేదు. అందువల్ల రెండింటి మీదా ఒకే 8×25 అంకె ఉన్నా, బూజు పట్టని పాతదానిలో గూడబాతు ముక్కు కింది సంచి స్పష్టంగా కనిపిస్తే, చవక కొత్తదానిలో పక్షి ఆకారమే అలుక్కుపోవచ్చు. పులికాట్ గట్టు మీద బడి పిల్లలు కొత్త బైనాక్యులర్లతో ఒక కన్ను మూసుకుని ఫ్లెమింగోలను చూడడం గమనించాను. అడిగి తీసుకుని చూస్తే రెండు గొట్టాలూ చెరో దిక్కు చూపుతున్నాయి. ఆ పిల్లలు తమ చూపులోనే లోపం ఉందనుకున్నారు. నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగించింది అదే.

కాబట్టి అటవీ శాఖ గానీ విద్యా శాఖ గానీ బైనాక్యులర్లు కొనేటప్పుడు కేవలం రెట్లు, కటకం వ్యాసం రాసి ఊరుకోకుండా, కటకాలకు బహుళ పొరల పూత, లోపలికి తేమ చేరని నిర్మాణం, రెండు గొట్టాల అమరిక సరిగ్గా ఉండడం వంటి షరతులు పెట్టి, వచ్చిన సరుకులో కొన్నింటిని పరీక్షించాకే డబ్బు చెల్లించాలి. ఏడెనిమిది రెట్లు పిల్లలకు చాలు, అంతకు మించిన అంకె కోసం ఆశపడనక్కరలేదు.

తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, గరిష్ఠ చిల్లర ధర ప్యాకెట్ మీద ఉండాలని తూనికలు కొలతల శాఖ అమలు చేసే 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. లేని గుణాన్ని ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మోసపోయినవారు 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు గానీ, కొన్ని వందల రూపాయల వస్తువు కోసం ఆ పని చేసేవారు అరుదు. కొన్నవారి ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా అధికారులే చొరవ తీసుకుని, సూళ్లూరుపేటలో జరిగే పక్షుల పండుగకు ముందే అక్కడి అంగళ్లలో తనిఖీలు జరపాలని, తప్పుడు అంకెలున్న సరుకును ఆన్‌లైన్ జాబితాల నుంచి తొలగించేలా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పక్షి పరిశీలకుడు,
నెల్లూరు