ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ పరీక్షల పేపర్లు ఇళ్లకు చేరాయి. మార్కులు చూసిన సాయంత్రం కొన్ని ఇళ్లలో ట్యూషన్ ఇంకో గంట పెరుగుతుంది. ఇంకొన్ని ఇళ్లలో "పోనీలే, చిన్నపిల్లాడు" అని పుస్తకం మూసేస్తారు. రెండూ తొందరపాటే. పిల్లలు ఎంతసేపు కష్టపడుతున్నారన్నది తర్వాత, ముందు ఏ పని మీద కష్టపడుతున్నారో చూడండి.

లెక్కల దగ్గర మొదలుపెడదాం. లెక్క తెగకపోతే పిల్లలు వెంటనే మీ ముఖం చూస్తారు. అప్పుడే చెప్పేస్తే ఆ లెక్క అయిపోతుంది గానీ, రేపటి లెక్కకీ మీవైపే చూస్తారు. ఓ ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత "ఏం ఇచ్చారు? ఏం కనుక్కోమన్నారు?" అని మాత్రం అడగండి. ప్రశ్న సగమే చదివి మొదలుపెట్టడం వల్ల వచ్చే చిక్కులే ఎక్కువ. అప్పటికీ కదలకపోతే మొదటి మెట్టు ఒక్కటి చెప్పి పక్కకి తప్పుకోండి. పావుగంట దాటినా తేలకపోతే ప్రశ్నార్థకం పెట్టించి తర్వాతి లెక్కకి వెళ్లనివ్వండి. ఒకే లెక్క మీద గంట కూర్చోబెడితే లెక్కలంటే భయం తప్ప ఏమీ మిగలదు. ప్రశ్నార్థకం పెట్టినవాటిని మర్నాడు క్లాసులో టీచర్ ముందుగా చూస్తారు. ఇక ప్రాజెక్టు చార్టులంటారా, మీరు వేసినవి మాకు ఇట్టే తెలిసిపోతాయి. బాగానే ఉంటాయి, కానీ మార్కులు మీకు వేయలేం కదా.

సైన్సు, సాంఘికశాస్త్రం దగ్గర తంతు వేరు. రంగు పెన్నుతో గీతలు గీసుకుంటూ పాఠాన్ని మళ్లీ మళ్లీ చదువుతారు. చదివేకొద్దీ వాక్యాలు చూసినవిగా అనిపించి "వచ్చేసింది" అంటారు, పరీక్షలో మాత్రం కలం కదలదు. ఒకసారి చదివాక పుస్తకం మూయించండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా పది నిమిషాలు రాయాలి. ఆ తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవాటిని వేరే రంగుతో చేర్చుకోవాలి. ఇదే పని మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులయ్యాక ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి చేయించండి. మొదట్లో "ఏమీ గుర్తు రావడం లేదు" అని విసుక్కుంటారు. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ శ్రమ వల్లే పాఠం నిలుస్తుంది కాబట్టి అక్కడ జాలిపడకండి. అరగంటకి ఒకసారి ఐదారు నిమిషాలు లేచి తిరగనివ్వండి. ఆ ఐదు నిమిషాలకి ఫోన్ ఇస్తే మాత్రం మళ్లీ పుస్తకం దగ్గరికి రారు.

చేతిరాతలో బిగువు అవసరం లేదు. నోట్సులో రాసిన పేజీ వెనకవైపు వేలితో తడిమి చూడండి. అక్షరాలు ఎత్తుగా తగులుతుంటే పెన్ను మీద భారం ఎక్కువ పడుతోందని అర్థం. మూడు గంటల పరీక్షలో అలాంటి చెయ్యి గంటన్నరకే లాగుతుంది, ఆఖరి ప్రశ్నలు మిగిలిపోతాయి. కింది పేజీ మీద అచ్చు పడకుండా రోజూ నాలుగు లైన్లు రాయించండి. ములుకుకి రెండు మూడు సెంటీమీటర్ల పైన పట్టుకోమనండి. గట్టిగా నొక్కాల్సివచ్చే బాల్‌పెన్నుకి బదులు తేలిగ్గా జారేది కొనండి. కుర్చీలో కాళ్లు నేలకి అందకపోతే కింద పీట వేయండి. కాళ్లు వేలాడితే నడుము వంగుతుంది, భుజాలు బిగుస్తాయి.

అరండల్‌పేటలోనో బ్రాడీపేటలోనో ట్యూషన్‌కి బడి నుంచి నేరుగా పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. మధ్యలో కనీసం ముప్పావుగంట ఇల్లు, తిండి, ఆట ఉండాలి. ఐదో తరగతిలోపు పిల్లలకి రోజూ ట్యూషన్ అక్కర్లేదన్నది నా అభిప్రాయం.

తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించడం మన గుంటూరులో పాత అలవాటే. రాత్రి ఎనిమిదింటికే పడుకునే ఇళ్లలో అది చెల్లింది. ఇప్పుడు పదకొండుకి పడుకున్న పిల్లల్ని నాలుగింటికి లేపుతున్నారు. కలలు వచ్చే దశ నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది, కోత పడేది సరిగ్గా దానికే. పన్నెండేళ్లలోపు బడి పిల్లలకి 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. లేచే వేళ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఆరింటికి లేవాల్సిన నాలుగో తరగతి పాప తొమ్మిదికల్లా నిద్రలో ఉండాలి. పదో తరగతికైనా పది దాటనివ్వకండి.

పొద్దుటి హడావిడి సగం రాత్రే తగ్గించుకోవచ్చు. బ్యాగు, యూనిఫాం, సాక్సులు పిల్లలే సర్దుకోవాలి. బ్యాగు బరువు పిల్లల బరువులో పదోవంతు దాటకూడదు, అంటే ముప్పై కిలోల పిల్లాడికి మూడు కిలోలు. లీటరు నీళ్లే ఒక కిలో. బడిలో మంచినీళ్లు ఉన్నాయి, అరలీటరు సీసా చాలు.

ఈ శనివారం సమావేశానికి పేపర్లతో పాటు మీ పిల్లలు ఏ వేళకి ఏం చేస్తున్నారో మూడు రోజులది ఒక కాగితం మీద రాసి తీసుకురండి. క్లాస్ టీచర్‌తో కూర్చుని అందులో ఏది తీసేయవచ్చో ముందు చూద్దాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
గుంటూరు