రెజ్యూమేలు మళ్ళీ మేమే రాస్తున్నాం, రేటు 400

మా షాపుకి వచ్చే అందరికీ,

ఏప్రిల్ 15 నుంచి రెజ్యూమేలు ఏఐ సాఫ్ట్‌వేర్‌తో చేయడం మానేశాం. మునుపటిలాగే మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని, అడిగి రాస్తాం. 250 ఉన్న రేటు 400 అయింది. ఎందుకో మీకు తెలియాలి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చే పిల్లలు "అన్నా, రెజ్యూమే ఫోన్లోనే అయిపోయింది, ప్రింటు తీసివ్వు చాలు" అనడం మొదలైంది. పదిహేనేళ్లుగా రాస్తున్నవాణ్ణి, మనసు చివుక్కుమంది. పోయిన జూన్‌లో నేనూ ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టాను. ఉద్యోగ ప్రకటన అందులో పేస్ట్ చేస్తే రెండు నిమిషాల్లో రెజ్యూమే తయారు.

మార్చి మొదట్లో, నల్గొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒకమ్మాయి తిరిగొచ్చింది. ఇంటర్వ్యూలో టాబ్లో (డేటాని చార్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్) గురించి అడిగారట. తనకది అసలు రాదు. ప్రకటనలో ఆ పేరుందని సాఫ్ట్‌వేరే తన స్కిల్స్‌లో చేర్చేసింది. "నేను చెప్పలేదు కదన్నా" అంది, అంతే. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది. ప్రింటుకు ముందు తనతో ఒకసారి చదివించాల్సింది. ఆ తప్పు మాదే.

కానీ ఆ కంపెనీ వాళ్లు చేసింది కూడా చెప్పాలి. ఫోన్ ఎత్తలేదు. నాలుగు రోజులకి మెయిల్ వచ్చింది: సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేస్తోంది, చూసుకోవలసింది వాడేవాళ్లే అని. ఆ రాత్రి ఇంటికి వెళ్లకుండా పాత ఫైళ్లన్నీ తీశాను. వాళ్ల రెండు కాలమ్‌ల డిజైన్‌ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఫోన్ నంబరు స్కిల్స్ మధ్యలో పడింది, కాలేజీ పేరు రెండు ముక్కలైంది. కంపెనీల్లో మనిషి కంటే ముందు రెజ్యూమే చదివే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్‌కి డిజైన్‌తో పనిలేదు, దానికి కావాల్సింది ఆ అక్షరాలే. ఇదీ రాసి పంపాను. ఇప్పటికీ జవాబు లేదు, మిగిలిన నెలల డబ్బూ రాలేదు.

అయినా వదిలేయడానికి నాకు నెల పట్టింది. 250కే చేసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. "అది రాశాక నువ్వు చూసి ఇవ్వొచ్చుగా" అన్నారు ఇంట్లో. వారం రోజులు అలాగే చేశాను. ఒక్కో లైను అడిగి సరిచేసేసరికి మొదటినుంచి రాసినంత టైమూ పట్టింది. ఇక అది ఎందుకు? పైగా కంపెనీలు మళ్ళీ ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతున్నాయి. గూగుల్‌లో కనీసం ఒక రౌండ్ నేరుగా పెడుతున్నామని సుందర్ పిచాయే 2025లో చెప్పారు. రానిది రాసిస్తే అక్కడ తల దించుకునేది మీరు. నా షాపు వల్ల అది ఇంకోసారి జరగనివ్వను.

ఏటీఎస్‌ని మోసం చేయడానికి, మనిషికి కనపడకుండా తెల్ల అక్షరాలతో కీవర్డ్స్ (ప్రకటనలో ఉన్న మాటలు) పెట్టమని కొందరు అడుగుతున్నారు. ఎంతిచ్చినా పెట్టను.

పోయిన జూన్ నుంచి ఈ ఏప్రిల్ దాకా మా దగ్గర చేయించుకున్నవాళ్లకి ఉచితంగా తిరగరాస్తాం. ఫైళ్లు మా దగ్గరే ఉన్నాయి, సర్టిఫికెట్లు తెచ్చుకుంటే చాలు. ముప్పావు గంట పడుతుంది. ఆదివారం కూడా మధ్యాహ్నం రెండింటి దాకా షాపులో ఉంటాను.