మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారూ, నమస్కారం.

నిన్న మా వీధిలో ఒకాయన మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. ఒంటిమీద నిక్కరు తప్ప ఏమీ లేదు. చూస్తుంటే గుండె దడదడలాడింది.

బెజవాడ విల్సన్ గారు గుర్తొచ్చారు. కోలార్ బంగారు గనుల దగ్గర పాకీ పని చేసే కుటుంబంలో పుట్టి, ఆ పనే ఉండకూడదని జీవితమంతా పోరాడుతున్న మనిషి. ఆ పని ఆపించమని ఆయన సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెళ్తే తీర్పు 2014లో వచ్చింది. పదకొండేళ్లు! ఈలోగా 2013లో ఆ పనిని నిషేధిస్తూ కొత్త చట్టమూ వచ్చింది. 2016లో ఆయనకు మెగసెసే అవార్డిస్తే మనమంతా సంతోషించాం.

మురుగుకాల్వలో మనిషి చనిపోతే ఇప్పుడు పరిహారం 30 లక్షలు. ఆ ఇంటివాళ్లకు కావలసింది సాయంత్రానికి మనిషి తిరిగి రావడం సార్.

మా వార్డుకు మురుగు తీసే మిషన్ ఎప్పుడు పంపుతారో తేదీ వేసి రాతపూర్వకంగా చెప్పండి. అప్పటిదాకా ఎవర్నీ లోపలికి దించకండి.

ఇట్లు,
మీ వార్డు నివాసి